కోపం రాని చోట్లు

మా బావ తనని జైలు నుంచి ముందుగా విడుదల చేయమని అర్జీ పెట్టుకున్నాడన్న కబురు వాడి తల్లే మోసుకొచ్చింది. షాపులో గిరాకీ జోరుగా ఉన్న వేళ చూసుకుని మరీ వచ్చింది. కస్టమర్ల ముందు నేను గొంతెత్తనని ఆవిడకి బాగా తెలుసు.

బావని 'వాడు' అనకూడదంటారు. నేను అంటాను. మా అక్క తల మీద ఇనుప రాడ్ దించినవాడికి పెట్టడానికి నా దగ్గర మర్యాద స్టాకు లేదు.

"మంచి నడవడికని సర్టిఫికెట్ ఇచ్చారు నాయనా," అంది ఆవిడ కౌంటర్ మీదికి వంగి. "కోపం తగ్గించుకునే క్లాసు పెట్టారట లోపల. అందులో వాడే ఫస్టు. ఇప్పుడు మిగతావాళ్ళకి వాడే పాఠం చెబుతున్నాడు. మీ అక్క చేత ఒక్క మాట చెప్పించు, అభ్యంతరం లేదని. ఆ పాడు కోపం తప్ప వాడిలో ఏ వంకా లేదని నీకు మాత్రం తెలీదూ?"

కౌంటర్ మీదున్న టేబుల్ ఫ్యాన్ ఎత్తి నేలకేసి కొడదామనిపించింది. కొట్టలేదు. సరుకు నాది.

"అత్తయ్యగారూ, మీకు కావలసింది ఫ్యానా, మిక్సీయా? రెండూ కాకపోతే కాస్త పక్కకి జరగండి. వెనక మనిషి నిలబడ్డాడు."

ఆవిడ వెళ్ళిపోయింది. ఆ రోజు ఎవరికి ఏం అమ్మానో నాకు గుర్తులేదు.

మాది ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ళ మోటార్ల షాపు. అక్క పెళ్ళయ్యాక బావ కూడా ఇందులోనే చేరాడు. వాళ్ళ కాపురం షాపుకి దగ్గర్లోనే, అద్దె ఇంట్లో. ఒకరోజు మధ్యాహ్నం భోజనానికని ఇంటికెళ్ళి అక్కని కొట్టాడు. చచ్చిపోయిందనుకుని తలుపు దగ్గరికి వేసి, పోలీసు స్టేషనుకి తనే నడుచుకుంటూ వెళ్ళి లొంగిపోయాడు. అక్క చావలేదు. ఎడమ చెవి పోయింది, కుడి చెయ్యి సగమే లేస్తుంది. అప్పట్నుంచీ మా ఇంట్లోనే ఉంటోంది.

కోర్టులో అందరిదీ ఒకటే పాట. కోపిష్టి, కోపం వస్తే మనిషి కాదు, కోపం దిగితే వెన్న. వాడి లాయరు దానికి 'క్షణికావేశం' అని మంచి పేరు పెట్టి, అందంగా ప్యాక్ చేసి జడ్జిగారి ముందు పెట్టాడు. ఆ మాట వల్లే హత్యాయత్నం కేసు కాస్తా చిన్న కేసయింది. మా అమ్మ కూడా పోయేదాకా అదే అంది, "పాపిష్టి కోపం" అని. కోపం అనేవాడు ఎవడో మూడో మనిషి ఉన్నట్టు, శిక్ష వాడికి పడాల్సినట్టు.

వారం తిరక్కుండా ఒక ఫోను. ఎవరో ఆడమనిషి. ఫోరెన్సిక్ సైకాలజిస్టుననీ, నేరాలు చేసినవాళ్ళ మనసు పరీక్షించి విడుదల కమిటీకి రిపోర్టు ఇవ్వడం తన పని అనీ, బావ గురించి నాతో మాట్లాడాలనీ చెప్పింది. నేను ఖాళీ లేదని పెట్టేశాను.

"వినకుండానే బేరం వద్దనే అలవాటు మీకెప్పట్నుంచి?" అంది మా ఆవిడ పక్కనుంచి. "అవతలి పక్కవాళ్ళు ఈపాటికి చెప్పాల్సింది చెప్పే ఉంటారు."

అది నిజమే. మళ్ళీ నేనే ఫోన్ చేశాను.

సైకాలజిస్టు మర్నాడే వచ్చింది. నడివయసు మనిషి, అరిగిన చెప్పులు, భుజాన పెద్ద సంచీ. వెనక గదిలో అట్టపెట్టెల మధ్య కుర్చీ వేశాను. టీ తెప్పించాను గానీ నా మొహంలో మటుకు మర్యాద లేదు.

"ముందే చెబుతున్నాను మేడమ్," అన్నాను. "వాడి చిన్నతనం, వాళ్ళ నాన్న కొట్టాడా, స్కూల్లో ఎవరైనా ఏడిపించారా, ఇవన్నీ అడుగుతారు మీరు. అడిగి అయ్యో పాపం అంటారు. మీ అయ్యో పాపం వాడికి, వాడు మాకు. బాగుంది లెక్క!"

ఆవిడ నొచ్చుకోలేదు. "అడిగాను. వాళ్ళ నాన్న కొట్టేవాడట. నిజమే అయ్యుండొచ్చు. దాంతో మీ బావగారు ఎక్కడ్నుంచి వచ్చారో తెలుస్తుంది. ఎటు వెళతారో తెలీదు. కమిటీ నన్ను అడిగింది రెండోది."

"మనిషిని అర్థం చేసుకోవడమంటే సగం వదిలేసినట్టేగా?"

"ఏ విషం పెట్టారో కనిపెట్టే డాక్టరు ఆ విషాన్ని మెచ్చుకుంటున్నట్టా? నాకూ ఒళ్ళు మండుతుందండీ. వాళ్ళతో మాట్లాడి బయటికొచ్చాక కారు అద్దాలు ఎత్తేసి అరుస్తాను. జైలు గేటు దగ్గర సెంట్రీలకి అలవాటైపోయింది. కానీ లోపల కూర్చున్నంతసేపూ వింటాను. వినకపోతే వాళ్ళు చెప్పిందే రిపోర్టు అవుతుంది."

"వాడేం చెప్పాడు?"

"కళ్ళకి నల్లటి తెర అడ్డం పడిందట. ఏం చేశారో గుర్తులేదట. తెలివి వచ్చేసరికి ఆవిడ నేల మీద ఉందట." టీ గ్లాసు పక్కన పెట్టింది. "మీరు నాకొకటి చెప్పండి. ఆయనకి ఎక్కడెక్కడ కోపం వచ్చేది కాదు?"

"ఇదేం ప్రశ్న?"

"వచ్చిన చోట్లన్నీ ఫైల్లో ఉన్నాయి. అన్నీ కలిపితే ఒకటే చోటు, ఇల్లు. రాని చోట్లు ఎవరూ రాయలేదు."

నవ్వొచ్చింది నాకు. చేదు నవ్వు. "రాని చోటంటే మీరు కూర్చున్నదే. షాపులో వాణ్ణి అందరూ 'పంచదార' అనేవాళ్ళు."

చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. మా వ్యాపారంలో అమ్మడం తేలిక, అమ్మిన సరుకు తిరిగొస్తేనే కష్టం. మోటారు కాలిపోతే కొన్న పార్టీ దాన్ని భుజానేసుకుని వచ్చి మా పుట్టుపూర్వోత్తరాలు తిడతాడు. ఆ ఫిర్యాదుల కౌంటర్లో ఎవరూ నెల నిలిచేవాళ్ళు కాదు. బావ ఏళ్ళ తరబడి కూర్చున్నాడు. ఒకసారి ఒక బిల్డింగ్ కాంట్రాక్టరు కాలిన మోటారు తెచ్చి కౌంటర్ మీద కుదేశాడు. అద్దం పగిలింది. మొహం మీద మొహం పెట్టి దొంగ అన్నాడు, తల్లిని తిట్టాడు. బావ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మీ చోట నేనున్నా ఇంతే కోపం వచ్చేది సార్. కూర్చోండి, ముందు చల్లగా మంచినీళ్ళు తాగండి," అన్నాడు. ఆ కాంట్రాక్టరు పోయేటప్పుడు కొత్త మోటారు కొనుక్కుని పోయాడు. నేను కూడా పనివాళ్ళ ముందు వాణ్ణి కసిరిన రోజులున్నాయి. కనుబొమ్మ కూడా కదిపేవాడు కాదు.

"ఆ కాంట్రాక్టరు వచ్చిన రోజు సాయంత్రం ఇంట్లో ఏం జరిగింది?"

"నాకేం తెలుసు?" అన్నాను.

అని, ఆగిపోయాను. తెలుసు. ఆ మర్నాడు అక్క బాత్రూములో జారిపడిందని కబురొచ్చింది. నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. షాపులో అంతమంది దగ్గర నవ్వుతూ దించుకున్న సరుకంతా వాడు ఎక్కడ ఖాళీ చేశాడో ఆ అట్టపెట్టెల మధ్య కూర్చుని ఉండగా నాకు అర్థమైంది. చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి.

"అంటే..."

"అంటే, కోపం ఆయన్ని పట్టుకుని లాక్కెళ్ళలేదు," అంది సైకాలజిస్టు. "ఎక్కడ తీయాలో, ఎక్కడ దాచాలో ఆయనకి తెలుసు. నాకు అలా అనిపిస్తోంది. కానీ అనిపించింది రిపోర్టులో రాస్తే నిలబడదు. ఆ రోజు గురించి చెప్పండి. మీరు ఆయనతో మాట్లాడారా?"

"పొద్దున షాపులో మాట్లాడాను. తర్వాత లేదు. అంటే, ఫోన్ ఒకటి చేశాను. అది పని మీద. ఒక హాస్టలు వాళ్ళు మోటారు తెచ్చి గొడవ చేస్తుంటే వారంటీ సంగతి అడుగుదామని ఇంటికెళ్ళినవాడికి ఫోన్ చేశాను."

"ఎలా మాట్లాడారు?"

"ఎప్పటిలాగే. 'కార్డు మీద స్టాంపు చూడు బావమరిదీ. పార్టీని కూర్చోబెట్టి చల్లగా మంచినీళ్ళివ్వు, నేనొచ్చి చూసుకుంటా' అన్నాడు."

ఆవిడ పెన్ను ఆగింది. సంచీలోంచి ఫైలు తీసి ఒక కాగితం వెతికింది. పైఅంతస్తులో కుట్టుమిషన్ పెట్టుకుని ఉండే ఒకావిడ కోర్టులో చెప్పిన సాక్ష్యం అది. కింద దబదబా చప్పుళ్ళయ్యాయి, కాసేపు ఆగిపోయాయి, గొడవ సద్దుమణిగిందనుకుని మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టాను, అంతలో మళ్ళీ చప్పుళ్ళు. ఇదీ ఆవిడ చెప్పింది. ఆ మధ్యలో ఆగడాన్ని లాయరు 'అలసట' అన్నాడు. ఎవరూ కాదనలేదు.

అది అలసట కాదు. అది నా ఫోను.

లేచి వెళ్ళి షాపు షట్టర్ దింపేశాను. పట్టపగలు, గిరాకీ వేళ. పనివాళ్ళు బిత్తరపోయి చూశారు. వెనక గదిలోకి వచ్చి గోడని గుద్దాను. ఆవిడ ఆ కాగితం ఫైల్లో పెట్టేసింది.

"ఈ సంగతి మీ అక్కగారికి తెలుసా?" అంది.

"అప్పుడు దానికి స్పృహ ఎక్కడుంది? అది ఇప్పటికీ తన తప్పే అంటుంది. 'నేనూ షాపుకొచ్చి పని చేస్తాననకుండా ఉంటే ఆయనకి కోపం వచ్చేది కాదు' అంటుంది. ఆ ఒక్క నమ్మకం పట్టుకుని బతుకుతోంది. కోపంలో కొట్టాడంటే ఒకటి. ఆపి, ఫోన్ మాట్లాడి, మళ్ళీ మొదలుపెట్టాడంటే దాన్ని నేను చేతులారా చంపినట్టే."

"ఆవిడ ఒప్పుకోకుండా నేను రాయను. రాస్తే ఎవరు చెప్పారో ఆయనకి తెలిసిపోతుంది. ఈసారి ఆపగలం. ఎప్పటికీ ఆపలేం. ఏదో ఒక రోజు శిక్ష పూర్తయి బయటికొస్తారు. అది కూడా ఆవిడకి చెప్పండి. దాచి ఒప్పించకండి."

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అక్క ఎడమ చేత్తో బట్టలు మడత పెడుతోంది. ఎదురుగా కూర్చున్నాను. వ్యాపారంలో ఇంతకాలం ఎవరికీ చెప్పలేని మాటంటూ నాకు తగల్లేదు. ఇది నోట్లోంచి రావడానికి నానా తంటాలు పడ్డాను. ఆ రోజు ఫోన్ చేశానే అక్కా, అని మొదలుపెట్టాను.

"తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"హాస్టలు వాళ్ళ మోటారు. నాకు తెలివుందిరా అప్పుడు. నా నోటి మీద అరచెయ్యి ఆనించి నీతో మాట్లాడాడు వాడు. నీ గొంతు వినబడుతూనే ఉంది. పార్టీ తొందర పడుతున్నాడు బావా, అంటున్నావ్." మడత పెట్టిన చొక్కా మళ్ళీ విప్పింది. "స్టాంపు చూడమన్నాడు నిన్ను. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. రాడ్ ఎక్కడ పెట్టాడో వెతుక్కున్నాడు."

అక్క నోట మొగుణ్ణి 'వాడు' అనడం నేను మొదటిసారి విన్నాను.

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేం? కోర్టులో చెప్పవేం?"

"కోర్టులో నన్ను అడిగింది ఒక్కటే. మీరేం అన్నారమ్మా, ఆయనకి అంత కోపం రావడానికి? అదే అడిగారు, అదే చెప్పాను. ఎవరైనా ఫోన్ చేశారా అని అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదు. అవతలి వైపు ఉన్నది నువ్వు. తెలిస్తే ఆ షాపులో మళ్ళీ ఫోన్ ఎత్తగలవా నువ్వు?"

"నా గురించి లెక్కలు కట్టమని నిన్నెవరడిగారే!" అని అరిచాను. ఇల్లంతా దద్దరిల్లింది. వంటింట్లోంచి మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది.

"ఆ చెవి పక్కన అరుస్తావేం, అది పని చేయదు," అంది అక్క. "ఇటొచ్చి అరువు."

నేను ఇటు రాలేదు. అరవనూ లేదు. మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వుకో ఏడుపుకో.

"నా తప్పే అని ఎందుకంటానో తెలుసా?" అంది అక్క. ఇప్పుడు అక్క గొంతు పైకి లేచింది. "అలా అంటే చుట్టాలందరూ తృప్తిగా తలాడించి టీ తాగి పోయేవాళ్ళు. ఇంకేం అడిగేవాళ్ళు కాదు. క్షణికావేశమట! ఆ క్షణంలో వాడు వారంటీ గురించి మాట్లాడాడ్రా. వాడికి కోపం తగ్గించుకోవడం నేర్పుతారా వీళ్ళు? వాడి దగ్గర వీళ్ళే నేర్చుకోవాలి. స్విచ్ బాగానే ఉన్న ఫ్యానుకి స్విచ్ మార్చి, రిపేరయింది తీసుకుపొండి అంటున్నారు."

బయటికొస్తాడే ఎప్పటికైనా, అని చెప్పాల్సింది చెప్పాను.

"వస్తాడు. నేను చెప్పినా వస్తాడు, చెప్పకపోయినా వస్తాడు. ఆ సైకాలజిస్టు రాయడం కాదు, కమిటీలో నేనే మాట్లాడతానని చెప్పు. వాడు కనబడకుండా మధ్యలో తెర కడతామంటే వద్దను."

విచారణ రోజున వాడి తల్లిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి అక్కనీ నన్నూ లోపలికి పిలిచారు. పొడుగు బల్ల, దాని వెనక ముగ్గురు. మధ్యలో అధ్యక్షుడు, రిటైరైన జడ్జి. చివర కుర్చీలో సైకాలజిస్టు. వాణ్ణి తెచ్చారు. జుట్టు నెరిసింది గానీ మనిషి నిగనిగలాడుతున్నాడు. అందరికీ నమస్కారం పెట్టి, నా వైపు తిరిగి, "బాగున్నావా బావమరిదీ? షాపెలా ఉంది?" అన్నాడు. అదే గొంతు. కాలిన మోటారుకి బదులు కొత్త మోటారు అంటగట్టే గొంతు.

అధ్యక్షుడికి వాడు నచ్చాడని చూడగానే తెలిసింది. కస్టమరు మొహం చదవడం నా పని కదా. నల్లటి తెర సంగతి చెప్పాడు వాడు. క్లాసులో ఊపిరి ఎలా పీల్చాలో, అంకెలు వెనక్కి ఎలా లెక్కపెట్టాలో చెప్పాడు. తప్పు నాదే సార్, శిక్ష చాలదు సార్, అన్నాడు. అధ్యక్షుడి పక్కనున్న డాక్టరు తలాడించాడు.

"ఆ క్లాసులో మీకు కష్టంగా అనిపించింది ఏమిటి?" అంది సైకాలజిస్టు.

"ఏదీ లేదు మేడమ్. ఇట్టే వచ్చేసింది."

ఆవిడ రాసుకుంది. అక్క లేచి నిలబడింది. సగమే లేచే కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుంది.

"ఆ రోజు మధ్యలో మా తమ్ముడు ఫోన్ చేశాడు," అంది అధ్యక్షుడితో. "ఈయనకి కోపం వస్తే ఒళ్ళు తెలీదంటున్నారు కదండీ. నిజమే. షాపు పని అని కూడా చూళ్ళేదు. మా తమ్ముడి మీద విరుచుకుపడ్డాడు. పార్టీని బయటికి గెంటెయ్యమని ఫోన్లో బూతులు తిట్టాడు."

నాకేం అర్థం కాలేదు. అక్క అబద్ధమాడుతోందేమిటి? సైకాలజిస్టు కూడా తలెత్తి చూసింది. నేను నోరు తెరవబోయాను. అంతకంటే ముందే వాడు తెరిచాడు.

"లేదు సార్, అది మాత్రం తప్పు," అన్నాడు, ఎంతో నెమ్మదిగా, నొచ్చుకుంటూ. "పార్టీతో అలా మాట్లాడ్డం నా సర్వీసులోనే లేదు. కావాలంటే బావమరిదినే అడగండి. హాస్టలు వాళ్ళని కూర్చోబెట్టి చల్లగా మంచినీళ్ళివ్వమన్నాను. కార్డు మీద స్టాంపు చూడమన్నాను. గొంతు కూడా పెంచలేదు."



"ఏదీ గుర్తులేదన్నారే?" అన్నాడు అధ్యక్షుడు.

వాడి మొహంలో నవ్వు అలాగే ఉంది. దాని వెనక మాత్రం ఎవరో గబగబా సామాన్లు సర్దుకుంటున్నట్టు కనిపించింది. అక్క వాడినే చూస్తోంది. ఏ మాటకి వాడు ఊరుకోలేడో, వాడి పరువంతా ఎక్కడుందో దానికి తెలుసు. పెళ్ళాన్ని కొట్టినవాడంటే పడతాడు. కస్టమరుని కసిరినవాడంటే పడడు. అది భార్య. వాణ్ణి దానంతగా చదివినవాళ్ళు ఆ గదిలో లేరు.

"ఆ ఫోన్ తర్వాత ఏం చేశారు?" అంది సైకాలజిస్టు.

వాడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అక్క చెప్పింది. నోటి మీద అరచెయ్యి నుంచి రాడ్ వెతుక్కోవడం దాకా, ఈసారి ఒక్క అబద్ధం లేకుండా.

అర్జీ కొట్టేశారు. ఆ క్లాసు ఈ మనిషికి పనికిరాదనీ, అది చూపించి మళ్ళీ అడగడానికి వీల్లేదనీ కూడా రాశారు. వాణ్ణి తీసుకెళుతున్నప్పుడు అక్క పక్కన ఒక్క క్షణం ఆగాడు. "ఫర్వాలేదు. తీరిగ్గా మాట్లాడుకుందాంలే," అన్నాడు, అదే పంచదార గొంతుతో.

నేను కుర్చీ తన్నేసి వాడి మీద పడ్డాను. అధ్యక్షుడున్నాడని గానీ, పోలీసులున్నారని గానీ, నన్నూ లోపల వేస్తారని గానీ తోచలేదు. ఇద్దరు పట్టుకుని నన్ను గోడకి అదిమారు. చొక్కా చిరిగింది. వాడు పక్కకి తప్పుకుని, కళ్ళజోడు సరిచేసుకుని, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

"చూశారా సార్," అంది సైకాలజిస్టు అధ్యక్షుడితో, నన్ను చూపిస్తూ. "కోపం అదుపు తప్పడమంటే ఇది. ఈయన్ని వదిలేయండి."

వరండాలో వాడి తల్లి లేదు. కబురు ముందే అందినట్టుంది. నేను ఇంకా రొప్పుతూనే ఉన్నాను. సైకాలజిస్టు సంచీ సర్దుకుంటూ, వచ్చే వారం మళ్ళీ జైలుకి వెళ్ళి వాడితో మాట్లాడతానంది. నా ఒళ్ళు మళ్ళీ మండింది.

"ఇంకా ఎందుకు మేడమ్? ఇంకా ఏం తెలియాలి వాడి గురించి మీకు?"

"బయటికొచ్చే రోజు ఒకటుంది కదండీ. ఆ రోజుకి ఆయన గురించి ఇవాళ్టికన్నా మనకి ఎక్కువ తెలిసుండాలి."

"నా దగ్గర ఉంది," అంది అక్క బెంచీ మీద కూర్చుంటూ. "కాపురం చేసినన్నాళ్ళూ జరిగిందంతా ఉంది. రాసుకుంటారా?"

సైకాలజిస్టు పక్కనున్న గది తలుపు తీసింది. నేనూ లేచాను. అక్క నన్ను చేత్తో ఆపింది.

"నువ్వొద్దు. నువ్వుంటే నీ మొహం చూసి తగ్గించి చెబుతాను."

తలుపు మూసుకుంది. చిరిగిన చొక్కాతో వరండాలో నిలబడ్డాను. మాటలు వినబడటం లేదు. గొంతు వినబడుతోంది. అక్క అంత సేపు, అంత గట్టిగా, ఎక్కడా ఆగకుండా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. లోపలికి వెళ్ళి ఇక చాలు అందామని రెండుసార్లు తలుపు దాకా వెళ్ళాను. రెండుసార్లూ వెనక్కి వచ్చాను.